చప్పుడు చేయని కెమెరా

మా వీధిలో మా ఆయనకి ఎదురుపడిన వాళ్లు ముందుగా చేసేది నమస్కారం కాదు. జుట్టు చెవుల వెనక్కి తోసుకుంటారు, గడ్డం కాస్త పైకెత్తుతారు, మూతి బిగిస్తారు. పలకరింపు ఆ తర్వాతే. ముప్ఫై ఏళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీసి ఫోటో మాస్టారు సంపాదించుకున్న పరపతి అది.

"చెవులు కనిపించాలి, పళ్లు కనిపించకూడదు." ఇదీ ఆయన మంత్రం. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, మా స్టూడియోలో దాన్ని చట్టంలా అమలు చేశారు. ఎవరి పెదవైనా ఒక మూల కొంచెం వంకర తిరిగితే చాలు, కెమెరా దించేసి "మళ్లీ" అనేవారు. బడిపిల్లల దగ్గర్నుంచి తాళాలు బాగుచేసే ముసలాయన దాకా అందరూ ఆయన ముందు నేరం ఒప్పుకున్నవాళ్లలా కూర్చున్నవాళ్లే.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట వీధి ఫోటోగ్రఫీ పిచ్చి పట్టింది. పట్టించింది మా ఎదురింటి టైలరు.

టైలరు భార్య పోయిన వారానికి ఆయన స్టూడియోకి వచ్చాడు. గోడకి తగిలించడానికి ఆవిడ ఫోటో పెద్దది చేయించాలి. మా దగ్గరున్నది ఒక్కటే, పాస్‌పోర్టుది. మా ఆయన ప్రింటు తీసి చేతిలో పెట్టారు. టైలరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాస్టారూ, ఈవిడెవరండీ?"

"అదేంటయ్యా, మీ ఆవిడే!"

"మా ఆవిడ మూతి ముడుచుకుని ఎప్పుడుందండీ? నవ్వొస్తే కుట్టుమిషను ఆపేసి మరీ నవ్వేది. ఆ రోజు మీ దగ్గరికి కూడా నవ్వుతూనే వచ్చింది కదా. అది లేదా?"

లేదు. నాకు బాగా గుర్తు, లైటు స్టాండు పట్టుకుని నేనక్కడే ఉన్నాను. నవ్వినవి మూడు తీశారు, మూడూ తీసేశారు.

టైలరు ఆయన్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని మా ఆయన, "ముప్ఫై ఏళ్లలో నేనొక్క మనిషిని కూడా తీయలేదే" అన్నారు. ఓదార్చాల్సింది పోయి నేను భయపడ్డాను. సొరుగులో నా ఫోటో కూడా ఒకటే ఉంది. రెండు చెవులూ దివ్యంగా కనిపిస్తూ, పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంటాను అందులో. రేపు నేను ముందు పోతే గోడెక్కేది అదే.

కెమెరా ఎంపిక మొదలైంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముందుగా దాని సంచీ వచ్చింది. తర్వాత నాలుగు నెలలు ఈయన కెమెరా షాపు చుట్టూ తిరిగారు. వీధి ఫోటోగ్రఫీ అంటే మనుషులకి తెలియకుండా తీయాలట. కాబట్టి కెమెరా చిన్నదై ఉండాలి, నల్లదై ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా చప్పుడు చేయకూడదు. షాపులో అమ్మాయి ఏది చూపించినా చెవి దగ్గర పెట్టుకుని బొత్తాం నొక్కి, పెదవి విరిచేవారు. కెమెరాని కంటితో కాకుండా చెవితో ఎంచుకున్న మనిషిని నేనైతే ఇంకెక్కడా చూడలేదు. ఆ అమ్మాయి కాలేజీ కార్డు ఫోటో తీసింది కూడా ఈయనే. అందుకని పాపం, ఈయన గుమ్మంలో కనిపించినప్పుడల్లా చెవులు బయటపెట్టుకుని నిలబడేది.

చివరికి సబ్బుపెట్టెంత కెమెరా ఒకటి ఇంటికొచ్చింది. నొక్కితే చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. మర్నాడు పొద్దున్నే దాన్ని పొట్టకి ఆనించుకుని, ఏమీ ఎరగనట్టు వీధిలోకి దిగారు. వెనకాల నేను.

ముందు దొరికింది తాళాలాయన. మాస్టారు కనబడగానే ఆకురాయి కింద పెట్టి, గడ్డం ఎత్తి, మూతి బిగించాడు. మా ఆయన నొక్కారు. తాళాలాయన కదల్లేదు.

"తీశారా?"

"తీశాను."

"చప్పుడు రాలేదే?"

"ఇది చప్పుడు చేయదు తాతా."

"అయితే పడి ఉండదు. మళ్లీ తీయండి."

పళ్ల బండావిడ దగ్గరా అదే వరస. టక్ అని వినబడితే తప్ప ఒక్కరూ ఊపిరి వదలరు. ఆ చప్పుడు వచ్చేదాకా బిగుసుకుని ఉండాలని నేర్పిన గురువు ఎవరు మరి? సాయంత్రానికి రెండు వందల ఫోటోలు తేలాయి. రెండు వందలూ పాస్‌పోర్టువే, వెనక తెల్లగుడ్డకి బదులు వీధి ఉంది, అంతే.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్నాను.

"కెమెరాలోనే ఉంది లోపం" అన్నారాయన. "ఇంకా చిన్నది చూడాలి."

నాకు ఒళ్లు మండింది. మళ్లీ నాలుగు నెలలు షాపు చుట్టూ తిరిగేలోగా ఈ వీధిలో ఇంకెంతమంది గోడెక్కుతారో! బీరువాలోంచి స్టూడియో పాత కెమెరా తీసి మెడలో వేసుకున్నాను. బ్యాటరీ ఉంది, ఫోటోలు పడే కార్డు లేదు. నొక్కితే వీధి మొదటికి వినబడుతుంది.

"పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఇదెందుకే?" అన్నారు.

"మీరు నోరు మూసుకుని నా వెనక రండి."

తాళాలాయన ముందు నిలబడి "తాతా, ఇటు!" అన్నాను. బిగుసుకున్నాడు. టక్. 'హమ్మయ్య, పడింది' అనుకుని భుజాలు జారవిడిచాడు, చేతిలో తాళంచెవితో వీపు గోక్కుంటూ పళ్ల బండావిడతో ఏదో అని పకపకా నవ్వాడు. నా భుజం పక్కనుంచి మా ఆయన అప్పుడు నొక్కారు.

అలా నెల రోజులు తిరిగాం. నేను ఉత్తుత్తివి తీశాను, ఆయన అసలువి తీశారు. టైలరుకి కూడా టక్‌మనిపించాను. చప్పుడు వినగానే ఆయన పక్కనున్న రెండో కుట్టుమిషను వైపు తిరిగాడు, 'చూశావా' అన్నట్టు. మిషను ముందు ఎవరూ లేరు. ఆ ఫోటో చూసినప్పుడు మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం ప్రింట్లన్నీ హాల్లో నేలమీద పరిచారు. మధ్యలో ఒకదాంట్లో ఎవరో గయ్యాళి. మెడలో కెమెరా, ఒక కన్ను మూసి, జుట్టంతా మొహం మీద పడి, కదిలినందుకు పళ్ల బండావిడ మీద నోరంతా తెరిచి అరుస్తోంది. నేనే.

"ఇదెప్పుడు తీశారు?"

"నువ్వు తీశాక."

"చెవులు కనిపించడం లేదు."

"పళ్లు కనిపిస్తున్నాయిగా" అన్నారు గర్వంగా.

సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషం వేసింది.

"దీన్ని పెద్దది చేయించి ఉంచండి" అన్నాను.

"ఏ సైజు?"

"గోడకి సరిపడా."

ఆయనకి అర్థమైంది. నాకేం తోచక అలవాటు కొద్దీ మెడలోని కెమెరా ఎత్తాను. చిత్రం చూడండి, సాక్షాత్తూ ఆయనే గడ్డం ఎత్తి, ఉన్న నాలుగు వెంట్రుకలూ చెవుల వెనక్కి తోసుకుని మూతి బిగించారు. టక్. అప్పుడు ఆ మొహం వదులైంది. కళ్లు తడి, పెదవి ఒక మూల వంకర. ఏడుపో నవ్వో ఆయనకే తెలియని మొహం. ఇన్నేళ్ల కాపురంలో నేనది చూడటం అదే మొదలు. నా చేతిలో ఉన్నది కార్డు లేని కెమెరా.

ఆయన లేచి వెళ్లాక సొరుగులన్నీ వెతికాను. ఊరందరి ఫోటోలూ ఉన్నాయి. ఆయనది ఒక్కటే, గుర్తింపు కార్డు కోసం తీసింది. ఆ రోజు బొత్తాం నొక్కింది నేను. "నవ్వకండి" అన్నదీ నేనే.

మర్నాడు ఒక్కదాన్నే కెమెరా షాపుకి వెళ్లాను. అమ్మాయి గబగబా జుట్టు వెనక్కి తోసుకుంది.

"మాస్టారికి ఇంకోటా ఆంటీ? వీధి ఫోటోగ్రఫీకేనా?"

"నాకు. ఇంట్లోకి" అన్నాను. "చప్పుడు చేసేది నా దగ్గరుంది. చేయనిది చూపించు."