ఆ నంబరు ఇప్పుడెవరిది

కరెంటు పోయినప్పుడు ఆసుపత్రి బ్యాటరీలు కూడా చేతులెత్తేశాయి. కాసేపటికి వెలుతురు తిరిగొచ్చింది, కంప్యూటర్లూ లేచాయి. రక్తపరీక్షల రిపోర్టులు పంపే ప్రోగ్రాం మాత్రం మొండికేసింది. మొదలుపెట్టబోయిన ప్రతిసారీ, 'నేను నడుస్తూనే ఉన్నాను కదా' అంటోంది.

పిల్లల వార్డులో నర్సుల బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి ఆ సంగతి చూస్తోంది. ఉద్యోగానికి కొత్త. ఎదురుగా మంచం మీద ఒక పాప జ్వరంతో కాగిపోతోంది. రిపోర్టు చూస్తే గానీ ఏ మందు ఎక్కించాలో తేల్చలేనని డాక్టరు చెప్పి వెళ్ళాడు. పాప అమ్మమ్మ చూపంతా ఈ అమ్మాయి వేళ్ళ మీదే ఉంది.

అమ్మాయి తన పైఅధికారికి ఫోను చేసింది.

"ఆ ప్రోగ్రాం నడిచేటప్పుడు కంప్యూటరు తనకిచ్చిన నంబరు ఓ చిన్న ఫైల్లో రాసి పెట్టుకుంటుంది," అన్నాడాయన. "మామూలుగా ఆగితే ఆ ఫైలు చెరిపేసి పోతుంది. ఇప్పుడు ఉన్నట్టుండి పోయింది కదా, ఫైలు అలాగే మిగిలింది. అది చూసి ఇంకా నడుస్తున్నాననుకుంటోంది. అందులో ఉన్న నంబరుతో ఇంకా ఏదన్నా నడుస్తుంటే ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టు. అంతే తల్లీ."

ఫైలు తెరిచింది. నంబరు ఉంది. ఆ నంబరుతో ఏదో నడుస్తూ కూడా ఉంది. ఆపెయ్యమని టైపు చేసింది. ఇక మీట నొక్కడమే తరువాయి.

అప్పుడే నర్సు జ్వరం సిరప్ తెచ్చి మంచం పక్కన నిలబడింది. "పాప పేరేంటమ్మా?"

"పొద్దున్నించీ అడుగుతూనే ఉన్నావు," అంది అమ్మమ్మ. "ఆ మతిమరుపుకి నువ్వూ ఏదన్నా మందు వాడకూడదూ? చిట్టి."

"చిట్టి కాదు పెద్దమ్మా, కేస్ షీట్లో రాయించిన పేరు."

పక్కనే ఉన్న పాప తల్లి, కూతురి పూర్తి పేరు చెప్పింది. నర్సు పాప చేతి పట్టీ చూసి తలూపింది. "గుర్తులేక కాదు. నిన్న ఇదే మంచం మీద ఇంకో బాబు ఉన్నాడు. మంచం నంబరు చూసి మందు పోస్తే మీ కొంపా మునుగుతుంది, నా కొంపా మునుగుతుంది."

అమ్మాయి వేలు మీట మీది నుంచి వెనక్కి వచ్చింది. ఆ నంబరుతో నడుస్తున్నదాని పేరేమిటో చూపించమని కంప్యూటర్‌ని అడిగింది. జవాబు వచ్చింది. అది రిపోర్టుల ప్రోగ్రాం కానే కాదు. ఈ మంచాల పక్కనున్న యంత్రాలు ప్రమాదం పసిగడితే, ఆ కబురు నర్సుల బల్లకు చేరవేసే ప్రోగ్రాం. కంప్యూటరు మళ్ళీ లేచినప్పుడు, పోయినదాని నంబరు దీనికి వచ్చింది.

"సార్, ఆ నంబరు ఇప్పుడు వేరేవాళ్ళది. అలారాలు పంపేది."

"ఆపేశావా?"

"లేదు సార్."

"బతికించావు. దాని జోలికి పోకు. పాత ఫైలొక్కటే తీసెయ్."

రిపోర్టుల ప్రోగ్రాం ఇంకెక్కడా నడవడం లేదని చూసుకుని, ఫైలు తీసేసింది. ఈసారి ప్రోగ్రాం కిక్కురుమనకుండా లేచి కూర్చుంది. బల్ల మీది ప్రింటరు గురగురలాడింది.

డాక్టరు కాగితం చూసి మందు రాశాడు. నర్సు సీసా పట్టుకొచ్చి నోరు తెరవకముందే, అమ్మమ్మ ఇంటిపేరుతో సహా పాప పేరంతా అప్పజెప్పింది.

"చేతి పట్టీ కూడా చూసుకో తల్లీ," అంది, మనవరాలి చెయ్యి తనే పైకెత్తి పట్టుకుని.