పువ్వు చూడకుండా తెంపిన ఆకు

తాబేళ్లు పెంచుకునే మా క్లబ్బులో ఒకటే కట్టుబాటు: పువ్వు చూసి మొక్కను పోల్చుకోనిదే మేతకు ఆకు తెంపకూడదు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట అందరికీ నూరిపోసింది నేనే. ఏటా మే నెలలో కొత్తవాళ్లను ఇంగ్లండ్‌లోని మా ష్రాప్‌షైర్ పొలాల గట్ల వెంట తిప్పి, తాబేలుకు డాండెలియన్ ఆకు పెట్టొచ్చు, బటర్‌కప్ పెట్టకూడదు అని పాఠం చెబుతాను. తప్పు చెప్పినవాళ్లను నలుగురిలో ఆటపట్టించడం నాకు సరదా. ఆ సరదాకు ఎక్కువగా బలయ్యేది క్లిఫర్డే.

క్లిఫర్డ్‌కు డెబ్బై ఆరేళ్లు. వాళ్లమ్మ పెంచిన తాబేలు బెర్తా ఆయనకంటే ముందే ఆ ఇంటికి వచ్చింది. అది మగదని డాక్టరు తేల్చినా పేరు మార్చలేదు. ఆయనకు చూపు మందగించాక బెర్తాకు మేత నేనే కోసి ఇస్తున్నాను.

ఆ ఆదివారం వాన. గట్టుదాకా పోవడానికి బద్ధకించాను. కాలువ పక్కన నూగున్న ఆకులు కనిపిస్తే, తాబేళ్లు ఇష్టంగా తినే కాంఫ్రే అనుకున్నాను. పువ్వు లేదు. నాకు పువ్వెందుకులే అని సంచీలో కుక్కి, క్లిఫర్డ్‌కు ఇచ్చి వచ్చాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి క్లిఫర్డ్ పశువుల ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. బెర్తా తల ఎత్తడం లేదట. ఏం తిన్నదో తెలిస్తేనే వైద్యం చేయడం తేలికని డాక్టరమ్మ అందట.

"నువ్విచ్చిన ఆకులే పెట్టానని చెప్పా. మ్యూరియెల్ చేతి ఆకుని అనుమానించక్కర్లేదు, ఇంకేదైనా చూడమన్నా" అన్నాడు.

నేను ఊఁ కొట్టి, కాలువకు పరుగెత్తాను. మిగిలిన ఆకుల అంచుకు సన్నటి రంపపు పళ్లున్నాయి. కాంఫ్రేకు ఉండవు. అది ఫాక్స్‌గ్లోవ్, గుండెను దెబ్బతీసే మొక్క.

ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. ఫోన్ పక్కనే ఉంది. క్లబ్బులో అందరూ ఏమంటారో ఊహించుకుంటూ కూర్చున్నాను. అక్కడ ప్రాణం పోతుంటే ఇక్కడ పరువు చూసుకున్నాను. రాయడానికే సిగ్గేస్తోంది. పన్నెండు దాటాక క్లిఫర్డ్‌కు ఫోన్ చేసి, అది ఫాక్స్‌గ్లోవ్ అని, ఇప్పుడే వెళ్లి చూశానని చెప్పాను.

సాయంత్రానికి బెర్తా చనిపోయింది.

తర్వాతి సమావేశంలో క్లిఫర్డ్ లేచి, చూపు ఆనక తానే తప్పు ఆకు కోశానని చెప్పాడు. నా వైపు చూడలేదు. కార్యదర్శి హిల్డా ఊరుకుంటుందా?

"ఏమయ్యా, మ్యూరియెల్ మొత్తుకుంటూనే ఉంది కదా. చెవికెక్కించుకున్నావా?"

అందరూ తలలూపారు. ఆయన టోపీ నలుపుతూ నిలబడ్డాడు. నేను లేచాను.

"కోసింది నేను" అన్నాను. "తెలిశాక కూడా మూడు గంటలు నోరు మూసుకుని కూర్చున్నా."

క్లిఫర్డ్ మెల్లగా నా వైపు తిరిగాడు.

"మూడు గంటలా?" అన్నాడు.