యూనియన్ కనపడితే

బాలనర్సయ్య వీడియో క్యాసెట్ మూత విప్పి, లోపలి చక్రాన్ని చిటికెన వేలితో అర చుట్టు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పాత గోనెసంచి వాసన. అంటే బూజు పైపైనే ఉంది, లోపలి చుట్లకు పాకలేదు. స్పిరిట్‌లో తడిపి పిండిన మెత్తని గుడ్డను రెండు వేళ్ల మధ్య మడిచి, టేపును దాని నడుమ నుంచి మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. పాలు పిండేవాడికి పొదుగు మీద చెయ్యి ఎంత బిగువుగా ఉండాలో తెలిసినట్టే ఇదీనూ. గట్టిగా పడితే టేపు సాగుతుంది, వదులుగా పడితే బూజు మిగులుతుంది.

అది మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ. ఇంగ్లండు ఉత్తరాదిన తాతల కాలం నుంచి నడుస్తున్న రగ్బీ లీగ్ పోటీల చరిత్రనంతా ఒకచోట చేర్చాలని అక్కడి పెద్దలు తలపెట్టారు. వాళ్ల అటకల మీద, క్లబ్బుల చీకటి గదుల్లో పడి ఉన్న క్యాసెట్లన్నీ అట్టపెట్టెల్లో సముద్రం దాటి ఇక్కడికి చేరాయి. బాలనర్సయ్య వాటిని శుభ్రం చేస్తాడు. పక్క గదిలో అఖిల, ఇంకొందరు పిల్లలు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరు ఎప్పుడు పరుగెత్తారో, ఎవరు ఎవరిని పడగొట్టారో చూసి రాస్తారు. ఆ ఆట గురించి బాలనర్సయ్యకు తెలిసింది ఒక్కటే. కోడిగుడ్డు లాంటి బంతిని చంకన పెట్టుకుని లావుపాటి మనుషులు బురదలో కుస్తీ పడతారు. ఎవరు గెలిచారని అతను ఎన్నడూ అడగలేదు. టేపు తెగకుండా ఉంటే చాలు.

మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఎడమ బొటనవేలి మీద నాణెమంత నున్నటి మచ్చ ఉంది, వయసులో ఉన్నప్పుడు కాలిన గుర్తు. గడ్డం రోజూ గీసుకుంటాడు. చొక్కా పై గుండీ కూడా పెట్టుకుంటాడు. నోరు మాత్రం తెరవడు. మూడేళ్లుగా ఆ గదిలో అతని గొంతు విన్నవాళ్లు తక్కువ.

దానికి కారణం ఉంది. చేరిన రోజున మేనేజరు శ్రీనివాసరావు, భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు, అతని భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు.

"బాలనర్సయ్య గారూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ మనకి లీగ్ ఒక్కటేనండి. యూనియన్ ఎక్కడ కనపడినా వెంటనే బయటపెట్టేసి నాకు చెప్పండి."

బాలనర్సయ్య "సరే సార్" అన్నాడు. లీగ్ అంటే ఏమిటో అడగలేదు. యూనియన్ అంటే ఏమిటో అడగక్కరలేదు.

ఎందుకంటే అతను మూతపడిన ఒక టీవీల కర్మాగారంలో యూనియన్ కార్యదర్శి. గేటు ముందు పెట్టె మీద నిలబడి మాట్లాడితే లోపల యంత్రాలు ఆగిపోయేవి. యజమాని తాళం వేసుకుని వెళ్లిపోయాక, ఆ గొంతే అతని నెత్తిన కూర్చుంది. ఒకచోట పనికి కుదిరితే పాత సూపర్‌వైజరు గుర్తుపట్టాడు. ఇంకోచోట ఎవరో చెవిలో వేశారు. చివరికి బోరబండలో చిన్న డబ్బా పెట్టుకుని క్యాసెట్లు బాగుచేసుకుంటూ బతికాడు. క్యాసెట్ల కాలం పోయాక ఆ చేతిపనే అతన్ని ఈ అద్దాల మేడకు తెచ్చింది. ఈసారి మాత్రం నోరు కుట్టేసుకోవాలనుకున్నాడు.

కుట్టుకున్న నోరు ఇన్నాళ్లూ బాధించలేదు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బాధించడం మొదలుపెట్టింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, సింగరేణి బాయిల్లో బొగ్గు ఎత్తేవాళ్లు లేరు, బస్తీలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ప్రైవేటు మేడలో బూజు తుడిచే ముసలివాడిని నువ్వెందుకు సమ్మె చెయ్యవని అడిగేవాడు నిజానికి ఎవడూ లేడు. కానీ అడగకపోయినా వినపడుతుంది కొందరికి. రోజూ బోరబండ నుంచి నడిచి వస్తూ, దీక్షా శిబిరం దగ్గరికి రాగానే అతను రోడ్డుకు అవతలి పక్కకు దాటేవాడు.

ఆ పొద్దున దాటినా లాభం లేకపోయింది. శిబిరంలో కూర్చున్న పుల్లయ్య, ఒకప్పుడు అతని పక్కనే టీవీ పెట్టెలు బిగించినవాడు, చూసేశాడు.

"ఏం కార్యదర్శి సాబ్, డ్యూటీకా? పో పో, లేటైతే నీ దొర కోపం జేస్తడు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. వాళ్ల వెనక బాలనర్సయ్య పెండ్లాం సక్కుబాయి రోడ్డు మీద మూడు రాళ్లు పేర్చుతోంది. ఆ రోజు వంటావార్పు. ఆడవాళ్లంతా నడిరోడ్డు మీదే వండి, వచ్చినవాళ్లందరికీ అక్కడే పెడతారు. ఇంట్లో బయలుదేరేటప్పుడే ఆమె చెప్పింది.

"ఇయ్యాల నీకు సద్ది లేదు. ఇంట్ల పొయ్యి ముట్టియ్య. తినాల్నంటే ఆడికే రా."

"ఆడికి ఏ మొకం పెట్టుకొని వస్తనే?"

"నీకున్నది ఒక్కటే గద, అదే పెట్టుకొని రా."

బాలనర్సయ్య టేపు లాగుతూ ఆ మాటనే నములుతున్నాడు. ఇరవై ఏళ్ల కింద ఇలాంటి సమ్మెలో పనికి పోయేవాళ్లకు గేటు దగ్గర గాజులు చూపించింది తనే.

అద్దం తలుపు తోసుకుని శ్రీనివాసరావు వచ్చాడు. చేతిలో ఫోను, నుదుట చెమట.

"బాలనర్సయ్య గారూ, ఇంగ్లండు నుంచి మెయిలొచ్చిందండి. మన దగ్గర యూనియన్ దొరికిందట."

గుడ్డ పట్టుకున్న వేళ్లు ఆగిపోయాయి.

"ఇంగ్లండోళ్లకు గూడ ఎరుకైందా సార్?"

"వాళ్లకే ముందు తెలిసిందండి. లోపలికెలా వచ్చిందని గట్టిగా అడుగుతున్నారు. మీ చేతి మీదుగానేనా వచ్చింది?"

"నేనే సార్. పిల్లలకేం సంబంధం లేదు."

"పాతదా, కొత్తదా?"

"పాతదే సార్. ఎనభై నాలుగుల చేరిన. ఎనభై తొమ్మిదిల కార్యదర్శినైన."

శ్రీనివాసరావు ఫోనులోని మెయిలును మరోసారి చూసుకున్నాడు. బాలనర్సయ్య లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక వంగిన నడుము కొంచెం కొంచెంగా నిటారైంది. ఎటూ తెలిసిపోయింది కదా అన్న ధైర్యమో, దాచి దాచి అలసిపోయిన ధైర్యమో, మూడేళ్ల మాట ఒక్కసారి బయటికొచ్చింది.

"దాచిపెట్టిన సార్. తప్పే. మీరు మొదటి దినమే చెప్పిండ్రు, యూనియనోడు కనపడితే బయటికేనని. కడుపు కోసం ఊకున్న. కర్మాగారం బంద్ జేయించింది నేనే, జైలుకు పొయ్యింది నేనే. ఇప్పుడు ఊరంత సమ్మెల ఉంటే నేను మీ బూజు తుడుసుకుంట కూసున్న. పొద్దుగూకినంక శిబిరం కాడ చీకట్ల నిలవడి పాటలు వినిపోత. అదొక్కటే చేసిన. తీసేస్తనంటే తీసేయుండ్రి. దాచుడు ఇగ నాతోని గాదు."

ఆ గొంతు విని పక్క గది పిల్లలు లేచి వచ్చారు. తలుపు దగ్గర అఖిల చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపుకోలేక బయటపడింది నవ్వు.

"కాకా, ఆ యూనియన్ గాదే."

"ఇంకేం యూనియన్ బిడ్డా?"

"రగ్బీల రెండు తీర్లున్నయి. ఒకటి లీగు, ఒకటి యూనియను. మనకు పంపేటియి లీగు ఆటలు. మధ్యల యూనియన్ ఆటల క్యాసెట్లు కలిసిపోతయి, అవి తీసి పక్కకు పెట్టుమన్నడు సారు. మనిషిని గాదు."

బాలనర్సయ్య స్టూలు మీద కూర్చుండిపోయాడు. శ్రీనివాసరావు గోడకు ఆనుకున్నాడు.

"అయ్యో రామా, మూడేళ్లండీ. మూడేళ్ల నుంచి నేను మిమ్మల్ని బెదిరించానని అనుకుంటున్నారా? నాకసలు మీరు మాట్లాడతారనే తెలీదు. ఇప్పుడు మీరు లేచి నిలబడిన తీరు చూసి, కింద గేటు దగ్గర జనాన్ని పెట్టి వచ్చారేమోనని గుండె జారిపోయిందండి."

అఖిలకు చెప్పాలని ఉత్సాహం పుట్టింది. సిద్దిపేట పిల్ల, ఆ చరిత్ర పేజీలు రాసేది తనే.

"అసలు సంగతి ఇను కాకా. శానేండ్ల కింద ఆడ ఒక్కటే రగ్బీ ఉండె. ఉత్తరాదిన ఆడేటోళ్లంత బొగ్గుబాయిలల్ల, బట్టల మిల్లులల్ల కూలోళ్లు. ఆటకు పోతే ఆ పూట కూలి పోతది. పోయిన కూలి ఇయ్యుండ్రని అడిగిండ్రు. పెద్దోళ్లు, పైసలున్నోళ్లు, పైసలకు ఆడుడు ఆటనే గాదన్నరు, కూలి ఇయ్యలే. ఇగ వీళ్లు లేసి బయటికొచ్చి సొంతంగ పెట్టుకున్నరు. అదే లీగు."

బాలనర్సయ్య ఆ మాటను టేపులాగే వేళ్ల మధ్య లాగి చూసుకున్నాడు.

"అంటే యూనియన్ అని పేరు పెట్టుకున్నోళ్లు దొరలు. లీగోళ్లు మన యూనియనోళ్లు."

"గంతే."

"అడిగినంక ఎన్నేండ్లకు విడిపోయిండ్రు?"

"రెండేండ్లకే."

"నసీబుగాళ్లు" అన్నాడు బాలనర్సయ్య.

ఈసారి ముందుగా నవ్వింది శ్రీనివాసరావు. తర్వాత నవ్వకూడదేమో అన్నట్టు ఆపుకున్నాడు. బాలనర్సయ్య నవ్వుతుండటం చూసి మళ్లీ నవ్వాడు. పై వరుస పళ్లలో ఒకటి లేని ఆ నవ్వును ఆ గది అంతకుముందు చూడలేదు.

నవ్వు నుంచి తేరుకున్నాక బాలనర్సయ్య చేతిలోని టేపు చివరిదాకా తుడిచి, మూత పెట్టి, మర బిగించాడు. గుడ్డ ఉతికి ఆరేశాడు.

"సార్, అట్లయితే నేను పోవచ్చునా?"

"ఎక్కడికండి?"

"సమ్మెకు."

శ్రీనివాసరావు పెట్టెల వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు.

"ముందే అడిగితే నేను ఆపేవాణ్ణా అండి?"

"ఆపకపోదురు సార్. నేనే ఆపుకున్న."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"అది మనమిద్దరం చెప్పేది గాదు గద. ఢిల్లీ వాళ్లను అడగాలె."

"పైవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు. ఏదో చెబుతాను. వెళ్లిరండి. జాగ్రత్త, రోడ్డు మీద పోలీసులున్నారు."

"పోలీసులు నాకు కొత్తగాదు సార్."

అఖిల అద్దంలోంచి కిందికి చూసింది. ఎండలో బాలనర్సయ్య నడుస్తున్నాడు. రోడ్డుకు అవతలి పక్కన కాదు, అంచున కాదు, నడి మధ్యన. బస్సుల్లేని రోడ్డు అతనికి పూర్తిగా సరిపోయింది. చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

సాయంత్రం దీపాలు ఆపడానికి శ్రీనివాసరావు ఆ గదికి వచ్చాడు. బయటి దుమ్ము లోపలికి రాకుండా కంపెనీ ఇచ్చిన నీలం రబ్బరు చెప్పులు గడప దగ్గర ఉన్నాయి. రోజూ గోడకు ఆనించి జతగా పెట్టే మనిషి ఇవాళ విడిచింది విడిచినట్టే వెళ్లాడు. ఒకటి బోర్లా పడింది. చెప్పు బోర్లా పడితే గొడవలొస్తాయని భీమవరంలో వాళ్లమ్మ వెంటనే సరిచేయించేది. ఆయన వంగబోయి, ఏమనుకున్నాడో, ఊరుకుని దీపం ఆపాడు. కారిడారు వెలుతురులో ఆ నీలం చెప్పు, మడమ దగ్గర కాగితంలా అరిగిన అడుగును పైకి పెట్టుకుని, అలాగే ఉంది.