అయిదు వందల గంటల మసి

పిస్టన్ మీది మసి పోయింది శరత్‌చంద్ర పోయిన మర్నాడే. ఆ సంగతి అతని భార్య జ్ఞానేశ్వరికి పెద్దకర్మ అయ్యాక గాని తెలియలేదు.

2003 వేసవి. చుట్టాలంతా సర్దుకుని వెళ్ళాక, భవానీపురం ఇంటికి హుమాయూన్ వచ్చాడు, భార్య మెహబూబ్ బీని వెంటబెట్టుకుని. ఆటోనగర్‌లో అతనికి డీజిలు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే శరత్‌చంద్ర ఏడాదిగా ఆ షెడ్డులో ఒక మూల చిన్న ఇంజన్ పెట్టుకుని, డీజిలులో కానుగ నూనె కలిపి నడిపి చూస్తున్నాడు.

హుమాయూన్ కొత్త తువ్వాలు విప్పి, పిస్టన్‌ను బల్లమీద పెట్టాడు. అద్దంలా మెరుస్తోంది.

"సోమవారం విప్పుదాం అన్నారమ్మా సారు. ఆదివారమే వెళ్ళిపోయారు. ఆయన మాట పోనీకూడదని నేనే విప్పాను. నా షెడ్డులో విప్పిన ఇంజన్ మసితో గడప దాటదు. అందులోనూ సారుది."

"మూడు రోజులు అన్నం మాటెత్తలేదమ్మా," అంది మెహబూబ్ బీ. "దీన్ని ఒళ్ళో పెట్టుకుని తోముతానే ఉన్నాడు. ఇన్నేళ్ళ కాపరంలో నా గిన్నె ఒక్కటి ఇట్టా తోమితే ఒట్టు!"

"ఊరుకోవే."

జ్ఞానేశ్వరి పిస్టన్‌ను చేతిలోకి తీసుకుంది. ఆమె బడిలో సైన్సు టీచరు. రాత్రి భోజనాల దగ్గర భర్త చెప్పినవన్నీ ఆమెకు తెలుసు. కానుగ నూనె చిక్కన. సిలిండరులోకి మంచులా చిమ్మాల్సింది చినుకుల్లా పడుతుంది. ఆ చినుకుకు గాలి అందక సగమే కాలి, తక్కింది మసై పిస్టన్ నెత్తిన పేరుకుంటుంది. ఇంజన్ వదిలే పొగ వేడితోనే నూనెను ముందుగా కాచి పలచన చేస్తే మసి తగ్గుతుందా? చల్లపల్లి వైపు కాలవ నీళ్ళందని రైతులు, నీళ్ళు తోడే ఇంజన్లకు డీజిలు కొనలేక పడే అవస్థ చూసి శరత్‌చంద్ర పట్టుకున్న ప్రశ్న అది. జవాబు మసి తూకంలో ఉంది.

ఒట్టి డీజిలుతో అయిదు వందల గంటలు మొదట కాలేజీలోనే నడిపి, మసి గీకి, అక్కడి త్రాసులో తూచాడు. ఆ మోత భరించలేమని కాలేజీవాళ్ళంటే, ఇంజన్ ఆటోనగర్ చేరింది. అందుకే ఆ తూచడం హుమాయూన్ ఎన్నడూ చూడలేదు. కాచిన కానుగ నూనెతో అయిదు వందల గంటలు, అతను పోవడానికి రెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం నిండాయి.

"తీసిన మసి ఏం చేశారండీ?" అని అడిగింది జ్ఞానేశ్వరి.

"కిరసనాయిల్లో కడిగేశానమ్మా. ఎందుకూ?"

"ఊరికే. బాగా ఉందా?"

"ఎక్కడమ్మా! గోటితో గీస్తే వచ్చేంత. ముప్పై ఏళ్ళలో ఇంత తక్కువ నేను చూళ్ళేదు. నూనెలు కలుపుతారని సార్ని నేను కాంపౌండరుగారూ అనేవాణ్ణి. నన్నేమో ఆయన డాక్టరుగారూ అనేవారు. ఉంటే చెప్పేవాణ్ణి గదమ్మా, కాంపౌండరుగారూ, మీ మందు పనిచేసిందీ అని..."

తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

రికార్డుల్లో పిల్లలెవరైనా 'తక్కువ' అని రాస్తే, జ్ఞానేశ్వరి ఎర్రసిరాతో కొట్టేసి పక్కన 'ఎంత?' అని రాసేది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి వేళ్ళకేసి చూసింది. తోమి తోమి కొసలు పగిలి ఉన్నాయి.

"చాలా శుభ్రంగా చేశారండీ," అంది. అందులో అబద్ధం లేదు.

వెళ్ళేటప్పుడు హుమాయూన్ పిస్టన్‌ను మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాడు. "బిగించి ఉంచుతానమ్మా. ఎప్పుడు తిప్పమంటే అప్పుడే."

బళ్ళు తెరిచాక శరత్‌చంద్ర తోటి లెక్చరరు ఒకాయన వచ్చి కాగితాలన్నీ చూశాడు. ఆ మసి తూకం అంకె ఒక్కటి ఉంటే పరిశోధనను కాలేజీకి సమర్పించవచ్చన్నాడు. లేకపోతే మళ్ళీ అయిదు వందల గంటలూ నడపాలి, తను సాయం ఉంటానన్నాడు.

నడపాలంటే, ఎందుకు నడుపుతున్నామో హుమాయూన్‌కు చెప్పాలి. ఆమె రెండుసార్లు ఆటోనగర్ వెళ్ళింది. రెండుసార్లూ టీ తాగి, మెహబూబ్ బీ ఆరోగ్యం అడిగి వచ్చేసింది.

ఇంకా చెప్పలేదు. ఇంజన్ నడవలేదు.