నా భార్య తరఫున నేను చెప్పిన మాట

పెళ్ళయి మూడు వారాలే కాబట్టి పొకువా ఏం చేసినా నాకు ముచ్చటగానే ఉంటుంది. సజ్జ జావలో అలసంద వడ వేసి, అది మునిగిపోయాక చెంచాతో వెతుక్కుంటుంది. చదువుకుంటూ పెన్సిలు జడలో గుచ్చుకుని, అదే పెన్సిలు కోసం ఇల్లంతా తిరుగుతుంది. నేను చెప్పను. చూస్తూ కూర్చుంటాను.

ఆమెది రాజనీతి శాస్త్రం. నగరంలో బడి ఎక్కడుండాలో, ఎలా ఉండాలో నిజానికి తేల్చేది ఎవరన్నదే ఆమె పిహెచ్‌డి. సంబంధం మాట్లాడుకున్న రోజున మా నాన్న నవ్వి, "దానికి ఇన్నేళ్ళ చదువెందుకమ్మా? డబ్బున్నవాడే తేలుస్తాడు," అన్నాడు.

"ఒక్కోసారి అడిగినవాళ్ళు కూడా తేలుస్తారు మామా. అడిగేవాళ్ళే తక్కువ," అంది పొకువా. ఆ దెబ్బతో మా నాన్న ఆమె పార్టీలో చేరిపోయాడు.

ఇప్పుడామె మా నగరం కుమాసిలోనే ఒక నగర ప్రణాళిక సంస్థలో బడుల వ్యవహారాలు చూస్తోంది. మా పేట బడి మైదానం ఉన్న నేల పేట పెద్ద నానా అగ్యాపోంది. రాజకుటుంబపు పెద్దల్ని, ఆడైనా మగైనా, మేం నానా అనే పిలుస్తాం. దాన్ని షాపులకు ఇచ్చేద్దామని ఆయన ఆలోచన. కోర్టుకు పోదామన్నారు పొకువా పైవాళ్ళు. ముందు అడిగి చూద్దామంది ఈమె. "కాదన్నారనుకో, నా సిద్ధాంతం మూటగట్టి అటకెక్కించేస్తా," అంది నాతో. నవ్వుతూనే అంది కానీ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

నానాతో ఎవరూ నేరుగా మాట్లాడరు కదా. మన మాట మన తరఫు మనిషి చెబితే ఆయన తరఫు పెద్ద అందుకుని ఆయనకు చేరవేయాలి. పొకువా తరఫున మాట్లాడాల్సిన బాదు తాత తీరా మేం నానా ఇంటికి వెళ్ళాల్సిన శనివారం పొద్దున బంధువుల అంత్యక్రియలకు వెళ్ళిపోయాడు. శనివారంనాడు కుమాసిలో అంత్యక్రియలు లేని కుటుంబమేది?

ఆనవాయితీగా మేం తెచ్చిన సారా సీసా అందుకుని, నానా తరఫు పెద్ద, కర్ర పట్టుకున్నాయన, అడిగాడు: "మీ తరఫున మాట్లాడేదెవరు?"

పొకువా నా వైపు చూసింది. "మా ఆయన."

"నేను మందుల షాపువాణ్ణే!" అన్నాను ఆమె చెవిలో.

"చేదు మందులు ముసలాళ్ళ చేత తాగిస్తావుగా. కానివ్వు."

ఆమె నెమ్మదిగా చెప్పింది: "మైదానం పోయిన బళ్ళలో ముందు మానేసేది ఆడపిల్లలు. గేటు దాకా బజారైపోతే ఆ గుంపులు దాటుకుని రావడానికి భయపడతారు. ఇది నేను చాలా చోట్ల చూశాను."

నేను లేచి, నానాకు చేరవేయమన్నట్టు కర్ర పెద్దాయన వైపు తిరిగాను. "నానా, బడికి మైదానం తల్లి వీపున బిడ్డను కట్టుకునే గుడ్డలాంటిది. గుడ్డ లాగేస్తే ముందు జారిపోయేది ఆడబిడ్డే."

ముసలాళ్ళు "ఊఁ, ఊఁ" అన్నారు. నాకు రెక్కలొచ్చాయి.

"మా దగ్గర ఇవ్వడానికేం లేదు. అడగడానికే వచ్చాం అని చెప్పు," అంది పొకువా.

అంత పొడిగా ఎలా చెప్పడం? "నానా, మైదానం వదిలితే మీ ఇంటి దాకా తారు రోడ్డు వేయిస్తాం. బడికి మీ పేరు పెడతాం!"

నానా ముఖం వెలిగింది. పొకువా లేచి నిలబడింది.

"పెద్దలు క్షమించాలి. మా ఆయన చెప్పింది నేను చెప్పమన్నది కాదు. రోడ్డు లేదు. పేరు పెట్టే అధికారం నాకు లేదు."

కర్ర నేలకు ఠంగుమంది. "మీ తరఫు మనిషినే నలుగురిలో కాదంటారా?"

నానా ముఖం తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళ ఆమె పని నా నోటి దురదకి మంట గలిసింది అనుకున్నాను.

నానా పక్కన కూర్చున్న రాణీతల్లి, ఆయన్ని కూడా మందలించగల ఆయన పినతల్లి, ముందుకు వంగింది. "ఏమే పిల్లా, పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు, నానా."

"మూడు వారాల మొగుణ్ణి పట్టుకుని అందరిముందు అబద్ధాలకోరని తేల్చేశావే! నేనైతే ఓ మూడేళ్ళు ఆగేదాన్ని." సభంతా గొల్లున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "నాయనా, షాపులవాళ్ళు నీకేమిస్తామన్నారు?"

"రోడ్డు, పిన్నీ," అన్నాడు నానా, చిన్నపిల్లాడిలా.

"రోడ్డు వేస్తామని ఇంటికొచ్చి చెప్పినవాళ్ళు చాలామందే. లేదు, వేయలేం అని చెప్పినవాళ్ళెవరు? మొగుడు ఆడిన అబద్ధాన్నే ఒప్పుకోని పిల్ల ఆడపిల్లల సంగతిలో మాత్రం అబద్ధమాడుతుందా?"

పెద్దలు లోపలికెళ్ళి చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక కర్ర పెద్దాయన చెప్పాడు: "మైదానం పిల్లలకే. షాపులు లారీల అడ్డా వెనక చూసుకుంటారు. ఇంకో మాట. ఈసారి వేరే మనిషిని తెచ్చుకోండి."

వీధిలోకి వచ్చాం. పొకువా నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది.

"కోపమా?"

"కోపమే." కొంతదూరం నడిచాక అంది, "ఆ వీపు గుడ్డ మాట ఎక్కడిది?"

"అప్పటికప్పుడు తట్టింది."

"దాన్ని నా పుస్తకంలో రాసుకుంటా. నీ పేరు మాత్రం వేయను."

అని తల వంచుకుంది. ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. నిజానికి రెండూ.

మైదానంలో ఆడపిల్లలు ఎగిరి చప్పట్లు కొట్టి కాలు ముందుకేసే ఆట ఆడుతున్నారు. మా పిహెచ్‌డి డాక్టరమ్మ చెప్పులు నా చేతికిచ్చి వాళ్ళ మధ్యకు దూరింది. వరసగా అందరి చేతిలోనూ ఓడిపోయింది.