సోమవారమే తగ్గే గాలి

ఆడపడుచు కారు ముందు ఎడమ చక్రంలో గాలి సోమవారం తప్ప ఇంకే రోజూ తగ్గదు. మంగళవారం తగ్గదు, శుక్రవారం తగ్గదు, శనివారం ఎంత దూరం తిరిగినా తగ్గదు. సోమవారం పొద్దున్న తాళం తిప్పేసరికి మాత్రం స్టీరింగ్ వెనక పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. చక్రంలో గాలి తక్కువైందని లోపలున్న సెన్సర్ పెట్టే గోల అది. టైరుకి వారాలు తెలుస్తాయా అని ఎవరైనా నవ్వుతారు. వదిన కూడా మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది, ఎందుకంటే టైర్లు బాగుచెయ్యడమే ఆవిడ వృత్తి.

వీధి మలుపులో ఇల్లు, ఇంటి ముందు గదిలోనే షాపు. ఒక గోడకి టైర్లు, ఇంకో గోడకి పానాలు, మూలన గాలి మిషను, మధ్యలో చక్రం ముంచి చూసే నీళ్ళ తొట్టి. వదిన మనిషి పొట్టి, పట్టుదల మాత్రం పొడుగు. ఒక చక్రం ఎందుకు కారుతోందో అంతు చిక్కకపోతే ఆ పూట ఆవిడకి అన్నం సహించదు. భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తాడు. ఆయనకి టైరు గురించి తెలిసింది ఒక్కటే, అది గుండ్రంగా ఉంటుందని. ఆ మాట ఆయనే గర్వంగా చెప్పుకుంటాడు.

ఆయన చెల్లెలే ఈ ఆడపడుచు, నర్సు. ఊరి ఆ చివర ఒక్కతే ఉంటుంది. ఆసుపత్రి తరఫున మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మారుస్తుంది, ఇంజెక్షన్లు ఇస్తుంది. ప్రతి ఆదివారం అన్నావదినల ఇంటికొచ్చి సాయంత్రం దాకా ఉండి వెళ్తుంది. పుట్టింటివైపు పలకరించే దిక్కు లేని వదినకి ఆ ఆదివారమే పండగ. శనివారం నుంచే ఇల్లు దులుపుతుంది, మంచి కప్పులు బయటికి తీస్తుంది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పదు గానీ, చూసేవాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

ఒక వారం మధ్యలో ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, ఇక ఆదివారాలు రాలేనేమో. మీ ఇంటికొచ్చి వెళ్ళిన మర్నాడే ఆ దీపం వెలుగుతోంది. గాలి కొట్టించుకుని వెళ్ళేసరికి ఆలస్యమైపోతోంది. మొన్న ఒక ముసలాయన ఇంజెక్షన్ కోసం పొద్దెక్కేదాకా ఏమీ తినకుండా కూర్చున్నాడు. మా మేడమ్ గట్టిగానే అంది. ఇంకోసారి ఇలా అయితే బయట డ్యూటీ తీసేసి వార్డులో వేస్తుందట."

"మా ఇంటికొస్తే టైరుకేమొచ్చిందే?" అంది వదిన.

"నాకేం తెలుసు? మీ వీధిలో గుంటలేమో, ఎండేమో. నీ తప్పని అనట్లేదు."

తప్పని అననంత మాత్రాన గుచ్చుకోకుండా ఉంటుందా? ఫోన్ పెట్టేశాక వదిన చాలాసేపు స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. ఆదివారం లేకపోతే ఆవిడకి వారమంతా ఒక్కలాగే ఉంటుంది.

అలాగని ఆవిడ చేతులు ముడుచుకు కూర్చోలేదు. అంతకుముందే రెండుసార్లు ఆ చక్రం విప్పింది. తొట్టిలో ముంచి, కళ్ళు చికిలించి, బుడగ కోసం చూసింది. బుడగ లేదు. అయినా సెన్సర్ కాడ చుట్టూ ఉండే రబ్బరు వాషరు మార్చింది, నట్టు ఎంత బిగించాలో అంతే బిగించింది. గాలి కొట్టే చోట చక్రంలోంచి బయటికి పొడుచుకొచ్చే గొట్టం ఉంటుంది చూడండి, ఆ గొట్టమే సెన్సర్‌కి కాడ. దాని మొదట్లో రబ్బరు ఎండిపోయినా, నట్టు వదులైనా, గాలి ఎవరికీ చెప్పకుండా కొంచెం కొంచెం జారుకుంటుంది. కొత్త రబ్బరు వేశాక జారకూడదు. జారింది, అదీ సోమవారమే.

ఒక ఆదివారమైతే వీధిలో ఎవరైనా గాలి తీస్తున్నారేమోనని గుమ్మంలో స్టూలు వేసుకుని కారుకి కాపలా కాసింది. లోపల అన్నాచెల్లెళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఈవిడ బయట ఎండలో! "పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందోయ్ నీకు?" అని భర్త ఏడిపించాడు. కారు దగ్గరికి ఒక కుక్క తప్ప ఎవరూ రాలేదు. ఆ కుక్క చేసిన పని వల్ల గాలి తగ్గదు.

"ఈ ఒక్క ఆదివారం రా," అని తనే మళ్ళీ ఫోన్ చేసి బతిమాలింది వదిన. "పొద్దున్నే రా. అది కనిపెట్టలేకపోతే నేనే చెప్తాను, ఇక రావద్దని."

ఆడపడుచు పొద్దున్నే వచ్చింది. కారు నాలుగు చక్రాలకీ వెండిరంగు వీల్ కవర్లు తళతళలాడుతున్నాయి. అవి వదినే కొనిచ్చింది, కారు కొన్న కొత్తలో. నల్లటి ఇనప చక్రాలు చూడ్డానికి బోసిగా ఉన్నాయని ఏరికోరి తెచ్చి తన చేత్తోనే తగిలించింది. నక్షత్రాల్లాంటి డిజైను. వాటిని చూసినప్పుడల్లా ఆవిడకి తృప్తిగా ఉంటుంది.

ఎప్పటిలాగే ముందు కవరు ఊడదీసి, గుడ్డతో తుడిచి, గీత పడకుండా పక్కన పెట్టింది. జాకీ ఎక్కించి, చక్రం విప్పి తొట్టిలో ముంచింది. కాడ దగ్గర వేలితో అటూ ఇటూ నొక్కి చూద్దామనుకుంది గానీ, కిందటిసారి అలాగే నొక్కబోయి కొత్త రబ్బరు పాడుచేస్తానేమోనని భయపడి మానేసింది. ఈసారీ మానేసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఉలుకూ పలుకూ లేదు.

"పోనీలే వదినా," అంది ఆడపడుచు మెల్లిగా.

"నోర్ముయ్యి, ఆలోచించుకోనీ," అంది వదిన. అని నాలుక కరుచుకుంది. ఆడపడుచుని ఆవిడ ఎప్పుడూ అంత మాట అనలేదు.

తడి చేతులు చీరకే తుడుచుకుని చక్రం వంక చూస్తూ నిలబడింది. తొట్టిలో ఉన్నప్పుడు కారని గాలి కారుకి ఉన్నప్పుడు కారుతోంది. అంటే తొట్టిలో లేనిదేదో కారు దగ్గర ఉంది. ఏముంది? బరువుంది. బోల్టులున్నాయి. ఇంకా? ఆవిడకి ఒళ్ళంతా చురుకు పుట్టింది. చక్రం తీసుకెళ్ళి మళ్ళీ కారుకి పెట్టి, బోల్టులు బిగించకుండా కాడ మీద సబ్బునీళ్ళు పోసి చూసింది. ఏమీ లేదు. బోల్టులు బిగించి పోసింది. ఏమీ లేదు. జాకీ దించి, కారు బరువంతా పడ్డాక పోసింది. అప్పుడూ ఏమీ లేదు.

"కాఫీ చల్లారిపోతోంది," అని భర్త లోపల్నుంచి అరిచాడు.

"తాగేయండి!"

ఇంక మిగిలింది కవరు. అది తగిలిస్తే పని అయిపోయినట్టే, తగిలించాక ఎవరూ సబ్బునీళ్ళు పొయ్యరు. అయినా ఊరుకోబుద్ధి కాలేదు. కవరుని చక్రానికి ఆనించి అరచేత్తో చరిచింది. టక్కుమని కూర్చుంది. నక్షత్రం సందులోంచి సబ్బునీళ్ళు వంచి, టార్చి వేసి, నేల మీద బోర్లా పడుకుని లోపలికి చూసింది.

కాడ మొదట్లో ఆవగింజంత బుడగ. చూస్తుండగానే కందిగింజంత అయింది. పగిలింది. దాని వెనక ఇంకోటి.

"వచ్చింది! ఒసేయ్, వచ్చింది! ఇటు రా!"

ఆడపడుచు తెల్లబట్టలు మాసిపోతాయని కూడా చూసుకోకుండా పక్కన బోర్లా పడుకుంది. వదిన కవరు పీకింది, బుడగలు ఆగిపోయాయి. మళ్ళీ తగిలించింది, మొదలయ్యాయి. మళ్ళీ పీకింది. చిన్నపిల్ల స్విచ్చి దొరికితే దీపం వేసి ఆర్పినట్టు అదే ఆట. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"చూశావా? పాత సెన్సర్‌లో బ్యాటరీ అయిపోతే ఈ ఒక్క చక్రానికి కొత్తది వేశాం కదా. దీని కాడ పాతదానికంటే కాస్త పొడుగు. గొట్టం బయటికి రావడానికి కవరుకి పెట్టిన కన్నం అంచు దాన్ని పక్కకి నెట్టేస్తోంది. కాడ వెంట్రుకవాసి వంగితే చాలు, ఇవతలివైపు రబ్బరు లేస్తుంది. నేనేమో ప్రతిసారీ కవరు గీత పడకూడదని అతిజాగ్రత్తగా ముందే తీసేసి, మొత్తం చూశాక చివర్లో పెట్టేదాన్ని. ఇంక ఏం కనిపిస్తుంది నా మొహం!"

నవ్వుతూనే లేచి, పెట్టెలోంచి కొత్త రబ్బరు తీసింది. నలిగినదాన్ని అలా వదిలెయ్యడం ఆవిడ వల్ల కాదు. ఇంకోచేత్తో కత్తి తీసింది.

"కన్నం అంచు ఇంత చెక్కేస్తే సరి. రెండు నిమిషాల పని. కవర్లు వాటి మానాన అవి ఉంటాయి, నీ గాలి నీకుంటుంది."

వదిన కవరు ఒళ్ళో పెట్టుకుని కత్తి ఆనించింది. ఆనించి ఆగిపోయింది.

"ఉండు. కవరు ఎప్పుడూ ఉండేదే కదా. అది నెడుతుంటే గాలి రోజూ తగ్గాలి. మంగళవారం ఎందుకు తగ్గదు?"

"ఏమో," అంది ఆడపడుచు, గోడకున్న టైర్లు చూస్తూ.

"ఏమో అంటే కుదరదు. సోమవారమే ఎందుకూ?"

ఇది చెప్పి తీరాలి, వదినకి అర్థంకాని విషయం ఎదురైతే మర్యాదలు గుర్తుండవు. కత్తి పక్కన పడేసి, ఆడపడుచుకి ఎదురుగా వచ్చి నిలబడింది. రోడ్డా? ఎండా? స్పీడా? ఒక్కొక్కటీ అడిగింది, ఒక్కొక్కటీ తనే కొట్టిపారేసింది. ఆడపడుచు నీళ్ళు నమిలింది. ఆ నమలడం చూసి వదినకి అనుమానం వచ్చింది.

"ఏం దాస్తున్నావు?"

"వదినా, కోప్పడకు. ఆ కవర్లు మామూలు రోజుల్లో డిక్కీలో ఉంటాయి. ఇక్కడికొచ్చేటప్పుడు మీ వీధి మొదట్లో కారాపి తగిలిస్తాను. సోమవారం గాలి కొట్టించుకున్నప్పుడు తీసేస్తాను."

"ఎందుకూ?"

"నాకు నచ్చవు. ఆ నక్షత్రాలేమిటి వదినా, సర్కస్ బండిలాగా! రోగుల ఇంటి ముందు ఆపాలంటే సిగ్గేస్తుంది."

వదిన మొహం మాడిపోయింది. ఏరికోరి తెచ్చింది, తుడిచి తుడిచి పెట్టింది. వీధి మొదట్లో కారాపి వంగుని కవర్లు తగిలించుకుంటున్న ఆడపడుచు ఆవిడ కళ్ళముందు మెదిలింది. ప్రతి ఆదివారం, ఎండలో, వానలో. బాధేసింది. నవ్వూ వచ్చింది.

"నచ్చలేదని ఒక్క మాట అంటే పోయేదిగా?"

"నువ్వు బాధపడతావని."

"మీ అమ్మ కొనిచ్చుంటే?"

"అమ్మకయితే ఆ రోజే మొహం మీద చెప్పేసేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పవే?" అంది వదిన. "నేను పరాయిదాన్నా? నువ్వు ఆదివారాలు రానన్నప్పట్నుంచీ నాకు అన్నం సహించలేదు, తెలుసా? నచ్చని కవర్లు మోసుకుంటూ తిరుగుతావు గానీ, ఒక్క మాట తిట్టవు!"

ఆడపడుచు కళ్ళు తుడుచుకుని, "తిట్టమంటావా అయితే?" అంది.

"తిట్టు."

"నీ కాఫీలో చక్కెర ఎక్కువ. ఎప్పుడూ ఎక్కువే. నేను కుండీలో పోస్తాను."

"ఆ మొక్క అందుకే చచ్చిందా!"

"నేనొచ్చినప్పుడు నీ పని మానేసి నా పక్కన కూర్చుని మంచినీళ్ళు కావాలా, దిండు కావాలా అని చంపుతావు. నేనేమైనా మంచంలో పడ్డ రోగినా?"

"నువ్వేం తక్కువదానివా? ప్లేటు కడగనివ్వకుండా లాక్కుని, సబ్బు అలాగే వదిలేసి పోతావు. నేను మళ్ళీ కడుక్కుంటాను!"

"కడుక్కుంటావా? ఇన్నాళ్ళూ?"

గొంతులు పెరిగాయి. భర్త కాఫీ కప్పుతో పరిగెత్తుకొచ్చాడు. నేల మీద సబ్బునీళ్ళు, మాసిన తెల్లబట్టలు, ఎర్రబడ్డ రెండు మొహాలు చూసి హడలిపోయాడు.

"ఏమైంది? ఎందుకు పోట్లాడుకుంటున్నారు? అమ్మాయ్, నువ్వు ఇంక రావా ఏమిటి?"

"రాకేం చేస్తానన్నయ్యా?" అంది చెల్లెలు ముక్కు ఎగబీలుస్తూ. "వదిన్ని అనాల్సింది ఇంకా సగం కూడా అవలేదు."