ఓదెమ్మ గడప

నేను ఒక నల్లరాయిని. నా ముఖాన హంసల బారు చెక్కి ఉంది. ఆ హంసలే ఓదెమ్మ కొంప ముంచాయి. ఇంత చేసిన నన్ను మీరిప్పుడు చూడాలంటే ఓరుగల్లు కోటలో టికెట్టు కొనుక్కుని మరీ రావాలి.

కాకతీయుల కాలంలో నేను శివుడి గుడి గోడలో ఉండేదాన్ని. నన్ను చెక్కిన శిల్పి హంసలన్నిటినీ ముందుకు నడిపించి, ఒక్కదాని మెడ మాత్రం వెనక్కి తిప్పాడు. విసుగు పుట్టి చేశాడో ముద్దొచ్చి చేశాడో, అడగడానికి నాకు నోరు లేదు. గుడికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబెట్టారు. సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతాయని దానశాసనాలు రాయించారు. సూర్యచంద్రులు ఉన్నారు. ఢిల్లీ సేన మట్టికోట దాటి, రాతికోట దాటి లోపలికొచ్చాక గుడి నేలమట్టమైంది. తోరణాలను మాత్రం ఎందుకో వదిలేశారు. నేను మట్టిలో పడ్డాను. నా మీద జొన్నలు పండాయి, మేకలు మేశాయి. రాజ్యం పోయిందన్న దుఃఖం నాకేమీ లేదు. ఏ రాజూ ఏనాడూ నన్ను తడిమి చూసిన పాపాన పోలేదు.

తర్వాత కోట లోపలే ఇళ్లు లేచాయి. ఓదెమ్మ అత్త ఇంటికి పునాది తవ్విస్తుంటే గడ్డపారకు తగిలాను. "బొమ్మల మొకాన్ని తొక్కద్దురా, పాపం తాకుతది. బోర్లెయ్యిండ్రి" అంది ఆ ముసలమ్మ. అలా హంసలు నేలకు, నున్నటి వీపు పైకి పెట్టుకుని గడపనయ్యాను. అత్త పోయాక ఓదెమ్మ ప్రతి శుక్రవారం నాకు పసుపు రాసి బొట్లు పెట్టేది. పిల్లలు నా మీద కాలేస్తే వీపు చిట్లగొట్టేది. గుడిలో ఉన్నప్పుడు కూడా నాకింత మర్యాద దక్కలేదు.

ఇంతలో తోరణాల చుట్టుపక్కల ఇళ్లు తీసేస్తారని మాట పుట్టింది. టేపు పట్టుకుని వచ్చిన పురావస్తు శాఖ అధికారి పక్కింటి దాకా సున్నం గీత గీయించి, "మీది ఇంకా తేలలేదమ్మా, మళ్లీ వస్తా" అని వెళ్లాడు. ఆ రోజు నుంచి ఓదెమ్మకు ముద్ద దిగలేదు. ఆమె భర్త సారయ్య మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే మనిషి. అంత మనిషీ గోడకు చేరగిలబడి "ఏడికి పోదుమే?" అని అడిగిందే అడిగేవాడు.

వెనక వాడలో పోచమ్మ గద్దెకు ఆనుకుని ఉన్న ఇంటిని ముట్టలేదని ఎవరో చెప్పారు. మునిగిపోయేవాళ్లకు గడ్డిపోచ దొరికినట్టయింది.

"మన గడప కింద బొమ్మలున్నయ్ గద" అంది ఓదెమ్మ. "లేపి నిలవెడదం. పోశమ్మ అని చెప్దం. దేవతను పీకుతరా?"

"గడప పీకుతవానే? గడప లేని ఇంట్ల లచ్చిమి నిలుస్తదా?"

"ఇల్లే లేనంక లచ్చిమి ఏడ నిలుస్తదయ్యా!"

సారయ్య గడ్డపార తెచ్చాడు. నన్ను పెకలించి, కడిగి, గోడకు ఆనించి నిలబెట్టారు. పసుపు పూశారు, వేపకొమ్మలు కట్టారు, బోనం పెట్టారు. "తల్లీ, నువ్వే దిక్కు" అని ఓదెమ్మ నా ముందు సాగిలపడింది. నేను పోచమ్మను కాను. ఆ క్షణం అయితే ఎంత బాగుండేదో అనిపించింది.

అధికారి వచ్చాడు. ముందు చేతులు జోడించాడు, మంచివాడే. తర్వాత పసుపు మాటున ఆ వెనక్కి తిరిగిన మెడ చూశాడు. జేబురుమాలుతో మెల్లగా తుడిచాడు. నన్ను చూసి అంత సంబరపడ్డ మనిషి ఇన్ని వందల ఏళ్లలో ఇంకొకడు లేడు.

"తోరణాల దగ్గర ఇదే హంసల వరుస సగంలో విరిగి ఉంది. ఇది ఎక్కడ దొరికిందమ్మా?"

ఆ సంబరం తన ఇంటికి వచ్చిన మంచి అనుకుంది పిచ్చితల్లి. "ఈడనే సారూ! మా ఇంటి కిందనే! ఇంకా శాన రాళ్లున్నయ్ లోపట!"

సారయ్య ఆమె చెయ్యి పట్టి లాగేలోపే మాట జారిపోయింది. ఆ సాయంత్రమే సున్నం గీత మా ఇంటిని దాటి అవతలికి పోయింది. వారం తిరగకముందే మిషను వచ్చింది. ఓదెమ్మ దానికి అడ్డంగా కూర్చుంటే ఆడపోలీసులు వచ్చి ఎత్తి పక్కన పెట్టారు. అప్పటికే గడప ఊడిన ఇల్లు, కూలడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఇప్పుడు నేను తోరణాల నడుమ, తోటి రాళ్ల పక్కన, ముఖం పైకి పెట్టుకుని పడుకుని ఉన్నాను. ఒంటి మీద తెల్లరంగు నంబరు ఉంది. వచ్చినవాళ్లు నా పక్కన ఫొటోలు దిగి, ఆ కాలంలో మనుషులు ఎంత గొప్పవాళ్లో అని చెప్పుకుంటారు.

ఒక శుక్రవారం ఓదెమ్మ వచ్చింది, కొంగుముడిలో పసుపుతో. చిక్కి సగమైంది. కాపలా మనిషి అడ్డొచ్చాడు.

"ముట్టద్దమ్మా, గిది పురాతనమైన రాయి."

"పురాతనం నాకెర్కలే బిడ్డా. గిది మా గడప" అని బావురుమంది.

అతను మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె కూర్చుని, నా అంచున పసుపు రాసి, బొట్టు పెట్టింది. లేచి కళ్లు తుడుచుకుంది. కొంగు సర్దుకుని, నన్ను తొక్కకుండా, కుడికాలు ముందు పెట్టి దాటింది.

అవతల ఇల్లు లేదు.